చేతిపని: నూట నలభై రెండు కిటికీల బొంత

పోయిన సంచికలో పాత పంచెలతో చేతిసంచులు కుట్టే పద్ధతి రాశాను. అది చదివి ఇద్దరు ముగ్గురు సోదరీమణులు, "ఈసారి ఇంకొంచెం సులువైనది చెప్పకూడదా?" అని అడిగారు. క్షమించాలి. ఈసారి చెప్పబోయేది అంత సులువైన పని కాదు. అలాగని చేతకాని పనీ కాదు. ఓపికగా కూర్చుంటే ఎవరైనా చేయవచ్చు. అరవై దాటాక, జీవితంలో మొదటిసారిగా, నాలుగు నెలల్లో నేను చేశాను. మధ్యలో ఒక పెద్ద పొరపాటు కూడా చేశాను. దాన్నీ దాచకుండా రాస్తాను. కనీసం మీరు చేయకుండా ఉంటారు.

సంగతేమిటంటే, డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి కార్తీకంలో కాన్పు. ఆషాఢం మొదట్లో ఒక రాత్రి ఫోను చేసింది. "అమ్మా, నువ్వు వచ్చేటప్పుడు బిడ్డకి బొంత కుట్టి తీసుకురా. మామూలు బొంత కాదు. ఫోటో పంపిస్తున్నాను, చూడు" అంది.

చూశాను. తెల్లటి గుడ్డ మీద వరుసలు వరుసలుగా రంగురంగుల ముక్కలు. ఒక్కొక్క ముక్క చుట్టూ తెల్లటి చట్రం. ఆ చట్రం అంచులు తిన్నగా లేవు, మల్లెరేకులా వంపు తిరిగి ఉన్నాయి. దూరంగా పెట్టి చూస్తే ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న గుండ్రాలు. దగ్గరగా చూస్తే నాలుగు రేకుల పువ్వులు. దాని పేరు కెథెడ్రల్ విండో క్విల్టు అట. అంటే పెద్ద చర్చి కిటికీ బొంత అన్నమాట.

ఆ పేరెందుకు వచ్చిందో నాకు వెంటనే తెలిసిపోయింది. మావారి ఉద్యోగరీత్యా సికింద్రాబాదులో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని మెదకు వెళ్ళాం. అక్కడి చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ పూనికతో కట్టిన ఆ కట్టడం 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. ఏసుక్రీస్తు స్వర్గారోహణం కిటికీని 1927లో, పుట్టుక కిటికీని 1947లో, శిలువ కిటికీని 1958లో అమర్చారు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడి పని. బయటి నుంచి చూస్తే నల్లగా, ఏమీ తెలియకుండా ఉంటాయి. లోపలికి వెళ్ళి, ఎండ వాటి గుండా దిగుతుండగా చూడాలి. చిన్న చిన్న అద్దం ముక్కలు, వాటి మధ్య సన్నటి సీసపు పట్టీలు. ఒక్కో ముక్కా దీపం పెట్టినట్టు వెలుగుతుంది. ఆ బొంతలోనూ అంతే. చిన్న గుడ్డముక్క, చుట్టూ చట్రం.

అమెరికాలో ఈ రకం బొంతలు 1930ల నుంచి బాగా వాడుకలోకి వచ్చాయి. అవి అక్కడ ఆర్థిక మాంద్యం రోజులు. పిండీ, కోళ్ళదాణా వచ్చే సంచుల్ని కూడా ఉతికి ఆడవాళ్ళు బట్టలకీ, బొంతలకీ వాడుకున్న కాలం. ఆ మాటకొస్తే పాతగుడ్డను పారేయకుండా బొంత చేసుకోవడం ఏ ఒక్క దేశం సొత్తూ కాదు. బెంగాలులో కాంథా, బీహారులో సుజనీ, మన పక్కనే కర్ణాటకలో కౌది. బీహారులో సుజనీని పుట్టిన బిడ్డకి చుట్టడానికే పాత చీరలతో కుట్టేవారు. కొరియాలో మిగిలిన ముక్కల్ని కలిపి జోగక్పో అనే మూటగుడ్డలు కుడతారు. మన సంగతి చెప్పనక్కరలేదు. మా తిరుత్తణిలో బొంత లేని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. నాలుగు పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరచి, అంచుల నుంచి మధ్యకి వరుసగా టాకాలు వేసుకుంటూ వస్తే చాలు. మా అత్తగారు అట్లా కుట్టినవాటి మీదే మా పిల్లలిద్దరూ పెరిగారు.

అందుకే ఫోటో చూపించగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "లోపల ఎన్ని చీరలు పెట్టినారు?"

"ఒక్కటీ పెట్టలేదంట అత్తా. దూది కూడా లేదంట."

"అట్లయితే బొంత ఎట్లవుతాది?"

ఆమె అన్నది నిజమే. లోపల ఏదో ఒకటి నింపి, పై నుంచి కింది దాకా కుట్టు వేస్తేనే క్విల్టు. ఇందులో ఆ రెండూ లేవు. ఉన్నదంతా మడతే. ఒకే గుడ్డని రెండుసార్లు మడవడం వల్ల ఎక్కడ పట్టుకున్నా నాలుగు పొరలు ఉంటాయి. ఆ నాలుగు పొరలే బొంత. ఈ మాట చెప్పాక అత్త కాసేపు ఆలోచించి, "అయితే గుడ్డ మస్తుగా తింటాది" అంది. ఎనభై అయిదేళ్ళ మనిషి. చూపు మందగించింది గానీ లెక్క తప్పలేదు. మీరు పరచదలచుకున్న బొంత ఎంత ఉంటుందో దానికి నాలుగింతలకు మించి గుడ్డ కావాలి.

ఇక పద్ధతి చెబుతాను. పక్కన కాగితం పెట్టుకుని మడిచి చూస్తూ చదవండి, సులువుగా తెలుస్తుంది.

అడుగు గుడ్డకి గట్టి కోరా నూలు తీసుకోండి. రెడీమేడ్ తెల్లగుడ్డ కంటే కోరా మంచిది. మా పక్కన నగరి, ఏకాంబరకుప్పం మగ్గాల ఊళ్ళు కాబట్టి మాకు ఇబ్బంది లేదు. మీ ఊళ్ళో ఏది దొరికితే అది. కానీ నూరుశాతం నూలు అయి ఉండాలి. పాలిస్టరు కలిస్తే మడత నిలవదు. తెచ్చిన గుడ్డని ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, గంజి పోయేలా ఉతికి, ఆరబెట్టి ఇస్త్రీ చేయండి. కోరా ఉతికితే కుంగుతుంది. కుట్టాక కుంగితే బొంత అంతా ముడతలు పడుతుంది.

అట్టముక్క ఒకటి 9 అంగుళాల చదరంగా కోసుకోండి. దాన్ని గుడ్డ మీద పెట్టి పెన్సిలుతో గీసి చదరాలు కత్తిరించండి. నేతపోగు వెంబడే కత్తిరించాలి, పక్కకి పోకూడదు. నాలుగు వైపులా పావు అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేస్తే 8½ అంగుళాలు అవుతుంది. ఇప్పుడు నాలుగు మూలల్నీ నడిమధ్యకి మడవండి. 6 అంగుళాల చదరం వస్తుంది. మళ్ళీ ఇస్త్రీ. మళ్ళీ నాలుగు మూలల్నీ నడిమధ్యకి మడవండి. 4¼ అంగుళాల చదరం వస్తుంది. చిన్నప్పుడు కాగితంతో ఉప్పు డబ్బీ చేసి ఆడుకున్నాం చూడండి, ఆ మడతలే. మధ్యలో కలిసిన నాలుగు కొసల్నీ అన్ని పొరలూ పట్టుకునేలా రెండు కుట్లు వేసి ముడి వేయండి. ఇది ఒక బిళ్ళ. ఇట్లాంటివి కావలసినన్ని చేసుకోవాలి.

రెండు బిళ్ళల్ని నునుపుగా ఉన్న వీపులు ఒకదానికొకటి ఆనేలా పట్టుకుని, ఒక అంచు వెంబడి దగ్గర దగ్గరగా చుట్టుకుట్టు వేయండి. విప్పి పరిస్తే కుట్టు ముందువైపున కనబడుతుంది. కంగారు పడకండి. దాని మీదే కిటికీ వస్తుంది. రెండు బిళ్ళలూ కలిసిన చోట, కుట్టుకి అటూ ఇటూ ఉన్న మడతలు కలిసి డైమండు ఆకారం కనబడుతుంది. ఒక్కో వైపు 3 అంగుళాలు ఉంటుంది. ఆ డైమండు మీద 2¾ అంగుళాల రంగుముక్కను పరచి, గుండుసూదులు గుచ్చండి. ఇప్పుడు చుట్టూ ఉన్న కోరా మడత అంచుని రంగుముక్క అంచు మీదికి చుట్టి, సన్నగా హెమ్మింగు చేసుకుంటూ పోవాలి. మూలల దగ్గర రెండు వైపుల మడతలూ కలిసేలా ఒక కుట్టు గట్టిగా వేయాలి.

ఇందులో ఉన్న కీలకమంతా ఇక్కడే ఉంది. తిన్నగా ఉన్న ఆ మడతని చుడుతుంటే అది తనంతట తానే వంపు తిరుగుతుంది. మనం చేసేదేమీ లేదు. మొదటిసారి మడిచినప్పుడు ఆ అంచు నేతకి ఏటవాలుగా, టైలర్ల భాషలో చెప్పాలంటే 'క్రాసు'లో పడింది. క్రాసు గుడ్డ సాగుతుంది. రవికె చంకల దగ్గర క్రాసు పట్టీ ఎందుకు వేస్తారో మీకు తెలుసు కదా, అదే ఇది. మొదటి కిటికీ పూర్తయి ఆ వంపు కనబడినప్పుడు నేను వంటింట్లో పాలు పొయ్యి మీద ఉన్న సంగతి కూడా మరిచిపోయాను.

మొదటి కిటికీకి గంటన్నర పట్టింది. నెల తిరిగేసరికి ఇరవై నిమిషాలకి వచ్చాను. నా లెక్క అడ్డం 8 బిళ్ళలు, నిలువు 10 బిళ్ళలు. మొత్తం 80. అంటే 34 అంగుళాల వెడల్పు, 42½ అంగుళాల పొడవు. కోరా గుడ్డ గజం వెడల్పుది అయిదు గజాలు సరిపోతుంది. కుంగేదానికి మరో అర గజం కలుపుకోండి. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య కిటికీలు లెక్కపెడితే 142 వచ్చాయి. నాలుగు అంచుల్లో మిగిలే సగం డైమండ్లలో ముక్క పెట్టక్కరలేదు, మడత చుట్టి కుట్టేస్తే చాలు.

ఇక ఆ 142 ముక్కలు ఎక్కడివి? కొత్తగుడ్డ కొంటే అర్థం లేదని నాకు మొదటే అనిపించింది. పుట్టినబిడ్డని పాతచీర మీద పడుకోబెట్టాలంటారు మనవాళ్ళు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు బిడ్డ ఒంటికి గుచ్చుకోదు. అత్త ట్రంకుపెట్టె తెరిచాను.

పైనే ఆమె పెళ్ళి పట్టుచీర ఉంది. కంచిది, 1959 మాఘమాసం నాటిది. "దాన్ని ముట్టుకోవద్దు" అంది అత్త. ముట్టుకున్నా పనికిరాదు. పట్టు జారుతుంది, పోగులు లేస్తాయి, ఊరికూరికే ఉతకలేం. జరీ అంచులు కూడా అంతే, బిడ్డకి గీరుకుంటాయి. కానీ ఆ చీర పట్టుకుని ఆమె చెప్పిన మాట మీకు చెప్పాలి. "నేను ఈ చీర కట్టుకోని కాపురానికొచ్చింది ఆంధ్రాకి. ఏడాదికంతా మదరాసు రాష్ట్రంలో ఉండా. ఇల్లు కదల్లేదు, గడప కదల్లేదు." చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మార్పులలో మదరాసు రాష్ట్రంలోకి వచ్చింది. పుస్తకంలో అది ఒక వాక్యం. ఆమెకి అది పెళ్ళయిన మరుసటేడు.

కింద నూలుచీరలు. ఒక్కొక్కటే ఆమె ఒళ్ళో పెట్టాను. చూపు ఆనదు కాబట్టి వేళ్ళతో తడిమి, అంచు పట్టుకుని చూసి చెప్పేది. నీలం గళ్ళది నగరి మగ్గం చీర, సైకిలు మీద మూట కట్టుకొచ్చిన నేతాయన దగ్గర రెండు వాయిదాల్లో డబ్బిచ్చి కొన్నది. ఎర్రటి సుంగుడి మా మామగారు రామేశ్వరం పోయి వస్తూ మదురైలో దిగి తెచ్చింది. తెల్లటి వెంకటగిరి మా ఆడపడుచు బారసాలకి పుట్టింటివాళ్ళు పెట్టింది. పసుపుచీర మాత్రం ఆమె ఒళ్ళో చాలాసేపు ఉంచుకుంది. మావారికి మూడేళ్ళప్పుడు జ్వరం తగ్గకపోతే కొండకి మొక్కుకుని, ఆడికృత్తిక నాడు ఆ చీర కట్టుకుని, పిల్లవాణ్ణి చంకనేసుకుని 365 మెట్లూ ఎక్కిందట. పెళ్ళయి ముప్పయ్యెనిమిదేళ్ళయింది, నాకు ఈ సంగతి తెలియదు. మావారికీ తెలియదు.

"కోసేదా, వద్దా అత్తా?" అని అడిగాను.

"కొయ్యి. పెట్లో ఉంటే పురుగు తింటాది. బిడ్డ కింద ఉంటే నాకు పుణ్యం."

అదే సమయానికి పక్కింటి ఆమె వచ్చి, "ఏంకా, బంగారమట్లా చీరల్ని ఇట్ల తుంటలు చేస్తా ఉండావు?" అని గుండెలు బాదుకుంది. అత్త నవ్వి, "తుంటలు కాదే, కిటికీలు" అంది.

ఆ పెట్టెలో కాకుండా నా దగ్గర విడిగా ఇంకొక గుడ్డ ఉంది. మా అమ్మది. అమ్మ పోయి మూడేళ్ళయింది. కార్యాలన్నీ అయ్యాక అక్కచెల్లెళ్ళం చీరలు పంచుకున్నాం. నా వంతుకి వచ్చినవాటిలో వంగపండు రంగు మీద తెల్లచుక్కల నూలుచీర ఒకటి. కట్టి కట్టి చివికిపోయింది. ఎక్కడ పట్టుకున్నా చిరుగుతోంది. కుచ్చిళ్ళ లోపలికి పోయే చోట మాత్రం 8 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు ముక్క గట్టిగా మిగిలింది. దాన్ని అందరికంటే ముందు కత్తిరించాలని నా ఆత్రం. ఇక్కడే పొరపాటు జరిగింది.

ప్రారంభంలో నేను 9 అంగుళాలతో మొదలుపెట్టలేదు. అమ్మాయి పంపిన పద్ధతిలో 7 అంగుళాల చదరం అని ఉంది. 7 అంగుళాలు మడిస్తే బిళ్ళ 3¼ అంగుళాలు వస్తుంది, కిటికీకి 2 అంగుళాల ముక్క సరిపోతుంది. ఆ కొలతతో అమ్మ చీరముక్కని కోసేశాను. సరిగ్గా 24 ముక్కలు వచ్చాయి, ఒక్క పోగు మిగల్లేదు. ఆ తర్వాత నాలుగు బిళ్ళలు కుట్టి చూసుకుంటే, ఆ లెక్కన బొంత కావాలంటే నూట ముప్పై దాకా బిళ్ళలు అవసరం అని తేలింది. కార్తీకానికి తెమిలే పని కాదు. 9 అంగుళాలకి మారాను. మారినప్పుడు అమ్మ ముక్కల సంగతి గుర్తు రాలేదు. యాభై కిటికీలు అయ్యాక, ఇక ఈరోజు అమ్మవి పెడదాం అని తీసి డైమండు మీద పెడితే, నాలుగు వైపులా అర అంగుళం చొప్పున ఖాళీ. మడత ఎంత లాగినా అంచుని అందుకోవడం లేదు. లాగి లాగి ఒక ముక్క అంచు పీచు కూడా అయింది.

ఆ పూట నేను కుట్టు ముట్టుకోలేదు. గుడ్డ ముక్కే కదా అనుకోవచ్చు. కానీ ఆ చీర ఎప్పటిదో, ఎవరు కొన్నదో, అమ్మ దాన్ని ఎందుకంతగా కట్టుకుందో నాకు తెలియదు. అడగలేదు. నాన్న లేరు, పెద్దమ్మ లేదు. చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. అత్త తన ప్రతి చీరకీ ఒక కథ చెబుతుంటే, పక్కనే అమ్మ ముక్కలు పెట్టుకుని నేను చెప్పగలిగింది ఒక్కటే, "ఇది మా అమ్మది" అని. అదీ పనికిరాకుండా చేసుకున్నాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అత్త పిలిచింది. ఏం జరిగిందో చెప్పాను. ఒక ముక్క చేతిలో పెట్టమంది. చూపుడువేలితో అంచు చుట్టూ తడిమింది. "నా చీరముక్క ఒకటి ఇయ్యి" అంది. నీలం గళ్ళ 2¾ అంగుళాల ముక్క ఇచ్చాను. దాని నడిమధ్యన అమ్మ ముక్క పెట్టి, "చిన్నపిల్లోళ్ళ గౌనుకి చినిగినకాడ మాసిక వేస్తాము గదా, అట్ల కుట్టు. నాది అడుగున ఉంటాది, ఆమెది పైన ఉంటాది" అంది.

ఇంత చిన్న ఉపాయం నాకు తోచలేదు. అమ్మ ముక్కకి నాలుగు వైపులా పావు అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేస్తే 1½ అంగుళాల చదరం అయింది. దాన్ని అత్త చీరముక్క మధ్యలో పెట్టి సన్నగా హెమ్మింగు చేశాను. పీచు లేచిన అంచు కూడా ఆ మడతలోకే పోయింది. ఆ జోడుముక్కని ఎప్పటిలాగే డైమండు మీద పెట్టి కోరా చుట్టేశాను. కిటికీలో ఇంకొక కిటికీ. అట్లా 24. వాటిని బొంత నడిమధ్యలో వచ్చేలా పేర్చాను.

"ఈ చీర ఎప్పటిదో తెలియదు అత్తా" అన్నాను ఒకసారి కుడుతూ.

"తెలవకపోతే ఏం? కట్టుకున్నది ఆమే గదా" అంది.

ఆ మాటతో నాకు కొంత తేలికైంది. కానీ పూర్తిగా కాలేదని ఒప్పుకోవాలి. అందుకని ఒక పని చేశాను. నోటుపుస్తకం ఒకటి తెచ్చి, బొంత పటం గీసి, అడ్డవరుసకీ నిలువువరుసకీ అంకెలు వేసి, ఏ కిటికీలో ఏ చీర ఉందో, దాని గురించి అత్త ఏం చెప్పిందో ఆమె మాటల్లోనే రాశాను. మా అమ్మాయి బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుకుంది. తెలుగు అక్షరాలు నేర్పింది అవ్వే, పలక మీద. ఇప్పటికీ కూడబలుక్కుని చదువుతుంది. చదువుకోనీ. బిడ్డ పెద్దయి, "ఇదేం గుడ్డ?" అని వేలుపెట్టి అడిగిన రోజున తెరిచి చూసుకోవడానికి ఉంటుంది. అమ్మ కిటికీల దగ్గర మాత్రం "మా అమ్మ చీర. బాగా కట్టింది" అని రాసి ఊరుకున్నాను.

దీపావళికి నాలుగు రోజుల ముందు చివరి కుట్టు వేశాను. తూచి చూస్తే ముప్పావు కిలో కూడా లేదు, పెట్టెలో చీరల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళాను. బిడ్డ క్షేమంగా పుట్టింది. ఆడపిల్ల. అయితే ఒక సంగతి మీకు చెప్పాలి. మన పద్ధతిలో బిడ్డ మీద బొంత కప్పబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. మొదటి ఏడాది బిడ్డ నిద్రపోయే చోట వదులుగా ఉండే దుప్పటి, దిండు, బొంత ఏవీ ఉండకూడదని, ముఖం మీద పడితే ఊపిరాడదని అక్కడి పిల్లల వైద్యులు గట్టిగా చెబుతారట. మొదట నొచ్చుకున్నాను. తర్వాత ఆలోచిస్తే సబబుగానే తోచింది. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరచి, దాని మీద బోర్లా పడుకోబెట్టి, పక్కనే మనం కూర్చుంటాం. రంగులు కనబడి తల ఎత్తి చూస్తుంది. మీరూ అట్లాగే వాడండి.

కుట్టదలచుకున్నవారికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, ఒకేసారి బొంత మొదలుపెట్టకండి. నాలుగు బిళ్ళలు కలిపి నాలుగు కిటికీలతో బల్లమీద పరిచే చిన్నగుడ్డ చేయండి. చెయ్యి కుదిరాక పెద్దది. రెండవది, బిళ్ళ కొలత మారిస్తే ముక్క కొలత కూడా మారుతుంది. పూర్తయిన బిళ్ళ పక్కన స్కేలు పెట్టి, డైమండు ఒక వైపు ఎంత ఉందో చూసి, దానికి పావు అంగుళం తక్కువగా ముక్క కోయండి. ఒకటి కుట్టి చూశాకే మిగిలినవి కోయండి. మళ్ళీ దొరకని గుడ్డ మీద కత్తెర అందరికంటే చివర పెట్టండి. మూడవది, రంగు దిగే చీరలు ముందే తేల్చుకోండి. తెల్ల చేతిరుమాలు తడిపి చీర మీద గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది. మా సుంగుడి ఎరుపు రెండు ఉతుకుల దాకా దిగింది. నాలుగవది, నాలుగు పొరల్లో సూది దింపాలి కాబట్టి వేలికి టైలర్లు తొడుక్కునే ఇనుప టోపీ పెట్టుకోండి. నేను పెట్టుకోక పదిరోజులు చారు కలుపుకోలేకపోయాను.

అయిదవది ఒకటి ఉంది గానీ అది కుట్టుకి సంబంధించినది కాదు. మీ ఇంట్లో అమ్మో, అత్తో, అవ్వో ఉంటే, ఈ దసరాకో సంక్రాంతికో ఆ ట్రంకుపెట్టె వాళ్ళ ముందే తెరవండి. ఒక్కొక్క చీరా ఒళ్ళో పెట్టి, ఇది ఎప్పటిది అని అడగండి. బొంత కుట్టినా కుట్టకపోయినా సరే. పక్కన నోటుపుస్తకం మరిచిపోకండి.

మీ ఇంటి పెట్టెలో ఏం బయటపడిందో ఉత్తరం రాసి చెప్పండి. వచ్చే సంచికలో, ఈ పనిలో మిగిలిన కోరా ముక్కలతో వేడిగిన్నెలు దించుకునే చేతిగుడ్డలు ఎలా కుట్టుకోవాలో చెబుతాను. అది నిజంగానే సులువు.